పెరటి కోళ్లలో పొడుచుకునే పోరు: కారణాలు, నివారణ చర్యలు

2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనకు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలలో ప్రత్తి, మిరప పండించే గ్రామాలు అనేకం ఉన్నాయి. ఆ గ్రామాలలో ఇంటి వెనుక దడి ప్రక్కన అయిదారు కోళ్లయినా తిరగని పెరడు అరుదు. ఆ కోళ్ల లెక్క ఇంటి యజమాని పద్దు పుస్తకంలో ఉండదు. గుడ్లు అమ్మిన సొమ్ము, పండుగకు పుంజును అమ్మిన సొమ్ము సాధారణంగా ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. పిల్లల నోటు పుస్తకాలకు, జ్వరం మాత్రలకు, బస్సు ఛార్జీలకు ఎవరినీ అడుగనవసరం లేకుండా ఆమె ఖర్చు పెట్టుకోగల డబ్బు అది. పంట అమ్మిన సొమ్ము ఎరువుల దుకాణపు బాకీకి జమ అయిపోయిన సంవత్సరంలో ఆ కొద్దిపాటి ఆదాయమే ఇంటిని నడుపుతుంది. కనుక పది కోళ్లలో రెండు తోటి కోళ్ల పోట్లకు చచ్చిపోతే దానిని చిన్న నష్టంగా భావించరాదు.

ఈ నష్టం ఒక్కసారిగా రాదు. మొదట ఒక పెట్ట మేత దగ్గరకు రావడం మానివేస్తుంది. మిగిలినవి తిని తొలగిన తరువాత వచ్చి, క్రింద పడిన నూకలు ఏరుకుంటుంది. తోక మొదట్లో ఈకలు పలుచబడి చర్మం కనిపిస్తుంది. సాయంత్రం అన్నిటికన్నా చివర గూటిలోనికి దూరుతుంది, లేదా బయటనే ఉండిపోయి రాత్రివేళ కుక్క నోట పడుతుంది. ఒకనాడు తలమీదనో, తోక క్రిందనో నెత్తురు కనబడుతుంది. అప్పటికి గాని ఇంటివారి దృష్టి దానిపై పడదు. ఆ దశలో చాలామంది దెబ్బతిన్న పెట్టను వచ్చిన ధరకు అమ్మివేసి పోరు తీరిందనుకుంటారు. కొద్ది రోజులు గడిచేసరికి మరొక పెట్ట తోక బోసిపోతుంది. పోరుకు కారణం గూటిలో, మేతలో, పెంపకంలో ఉన్నది గనుక దెబ్బలు తిన్న కోడిని పంపివేసినంత మాత్రాన పోరు ఆగదు.

కోళ్లలో పెద్దరికం

కోళ్లు గుంపులో ఒకదాని స్థాయిని మరొకటి గుర్తుపెట్టుకొని మసలుతాయి. నార్వే దేశస్థుడైన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త చిన్ననాటి నుండి కోళ్ల నడవడిని గమనించి వ్రాసుకుంటూ వచ్చి, 1921, 1922 సంవత్సరాలలో ఈ విషయాన్ని ప్రచురించారు. మొదటి స్థానంలోని పెట్ట మిగిలిన అన్నిటినీ పొడవగలదు. రెండవది ఆ మొదటిదానిని తప్ప మిగిలిన వాటిని పొడుస్తుంది. ఈ వరుసలో చివరనున్న పెట్ట అన్నిటిచేతా పోట్లు తింటుంది, తాను ఎవరినీ పొడవలేదు. దీనికే 'పెకింగ్ ఆర్డర్' అనే పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ మాటను మనుష్యుల కొలువులకు, కచేరీలకు కూడా వాడసాగారు. ప్రభుత్వ కార్యాలయాలలో చాలాకాలం పనిచేసిన ఈ వ్యాసకర్తకు ఆ మాటను అర్థం చేసుకొనడం ఏమంత కష్టం కాలేదు.

ఈ పెద్దరికం ఒకసారి స్థిరపడిన తరువాత పోట్లాటలు తగ్గుతాయి. పెద్ద పెట్ట తల ఎత్తి చూస్తే చాలు, చిన్నది ప్రక్కకు తప్పుకుంటుంది. ఈ ఏర్పాటు వలన గుంపుకు మేలే జరుగుతున్నది. కనుక కోళ్లు పొడుచుకొనడాన్ని పూర్తిగా మాన్పించాలని ప్రయత్నించనవసరం లేదు, అది సాధ్యమూ కాదు. స్థిరపడిన వరుస చెదిరినప్పుడు, లేదా చిన్న పెట్టకు తప్పుకొనడానికి చోటు లేనప్పుడు మాత్రమే ఇంటివారు కలుగజేసుకొనవలసి ఉంటుంది.

గాయం ఎక్కడ ఉన్నదో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. తలమీద, జుట్టుమీద, మెడమీద గాయాలుంటే అది పెద్దరికం కొరకు, లేదా మేత, నీటి దగ్గర జరిగిన తగవు అని భావించవచ్చు. వీపుమీద, తోక మొదట్లో ఈకలు పీకి ఉంటే అది కోపంతో జరిగిన పని కాదు. కోడికి రోజంతా నేలను గీరుతూ, పొడుస్తూ ఆహారం వెదకుకొనే స్వభావం ఉన్నది. గీరడానికి నేల, వెదకడానికి గింజ దొరకనప్పుడు అదే ముక్కును ప్రక్కనున్న కోడి ఈకలపై ప్రయోగిస్తుంది. గుడ్డు వెలువడే మార్గం వద్ద గాయం ఉంటే పెట్ట వెలుతురులో, అందరి మధ్య గుడ్డు పెడుతున్నదని అర్థం. గుడ్డు పెట్టిన వెంటనే ఆ భాగం కొంతసేపు ఎర్రగా బయటకు కనిపిస్తుంది. తోటి కోళ్లు ఆ ఎరుపును చూచి పొడుస్తాయి. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఒకసారి నెత్తురు రుచి మరిగిన కోళ్లు గాయపడిన దానిని చంపి తినేవరకు వెళ్లవచ్చు. ఇక పెట్ట వీపుపై మధ్యభాగంలో మాత్రమే ఈకలు రాలి, ఇతర గాయాలు లేకపోతే, పుంజు తరచుగా తొక్కడమే అందుకు కారణం కావచ్చు. అప్పుడు తోటి పెట్టలను అనుమానించనవసరం లేదు.

మిరప కల్లాలు, మూసిన గూళ్లు

ఈ ప్రాంతపు వ్యవసాయ పద్ధతికి, కోళ్ల పోరుకు దగ్గర సంబంధం ఉన్నది. ప్రత్తిపై, మిరపపై మందు పిచికారి చేసే రోజులలో కోళ్లు చేలలోనికి వెళ్లకుండా మూసి ఉంచుతారు. జనవరి నుండి ఏప్రిల్ వరకు మిరప కోతల కాలంలో కాయలను కల్లాలలో ఎండబోస్తారు. కోళ్లు ఆ కాయలను చిదిమి గింజలు తినివేస్తాయి గనుక అప్పుడూ గూటిలోనే ఉంచుతారు. పైగా ఆ కాలంలో ఇంటి స్త్రీలు తెల్లవారకముందే కోతలకు వెళ్లి సాయంత్రానికి గాని తిరిగిరారు. కోళ్లను విడిచేవారు, మేత మార్చేవారు, తగవు చూచేవారు ఇంట ఉండరు.

మందు చల్లిన చేలలోనికి, మందు పట్టించిన ప్రత్తి విత్తనాల వద్దకు కోళ్లను వెళ్లనీయకపోవడం సరైన పనే. అయితే మన గ్రామాలలోని గూళ్లు రాత్రి పడక కొరకు కట్టినవి. రాత్రి నిద్రకు ఒక్కొక్క కోడికి ఒక చదరపు అడుగు చోటు సరిపోతుంది. పగలంతా మూసి ఉంచేటప్పుడు అంతకు మూడు, నాలుగు రెట్లు చోటు కావలసి ఉంటుంది. రాష్ట్రంలో తీవ్రమైన ఎండలకు పేరుపొందిన రెంటచింతల ఈ పల్నాడులోనే ఉన్నది. అటువంటి ఎండలలో రేకుల గూటిలో పది కోళ్లను పగలంతా మూసి, ఒకే చిప్పలో నీరు పోస్తే పెద్ద పెట్ట ఆ చిప్ప దగ్గర కాపలా నిలుస్తుంది. బక్క పెట్ట దాహంతోనే సగం చచ్చిపోతుంది, మిగిలిన సగం పోట్లకు చచ్చిపోతుంది.

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. గూటికి ఆనుకొని వెదురుతోనో, తుమ్మకంపతోనో దడి కట్టి, పైన పాత వల కప్పి, తాటాకుతో నీడ ఏర్పరచి ఒక చిన్న ఆవరణ చేసుకొనవచ్చు. చేతికి అందుబాటులో ఉన్నది గదా అని ప్రత్తి కట్టెను ఈ దడికి వాడరాదు. పంట తీసిన తరువాత ప్రత్తి కట్టెను ఇంటి వద్ద నిలువ చేస్తే, ఎండిన కాయలలో దాగిన గులాబీరంగు పురుగు తరువాతి పైరుకు చేరుతుంది. కోళ్లను కాపాడబోయి పైరుకు పురుగును తెచ్చుకొనడం మంచిది కాదు.

ఆవరణలో మేత చిప్పలు, నీటి మూకుళ్లు కనీసం రెండేసి చోట్ల, ఒకదానికొకటి కనిపించకుండా దూరదూరంగా ఉంచవలెను. ఒక పెట్ట రెండు చోట్ల కాపలా కాయలేదు. పొడవైన తొట్టిలో మేత పెట్టేవారు కోడికి నాలుగు అంగుళాల చొప్పున చోటు చూచుకొనవలెను. నేలపై వరిగడ్డి పరచి అందులో గుప్పెడు జొన్నలో, సజ్జలో చల్లితే కోళ్లు గంటల తరబడి గీరుకుంటూ ఉంటాయి. తోటకూర, మునగాకు కట్టలు కోడి తలకు కొంచెం ఎత్తున వ్రేలాడదీయాలి. ఒక మూలన పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లాడి పేలను వదిలించుకుంటాయి. పేలు పట్టిన కోళ్లు చికాకుతో ఈకలు పీకుతాయి. రెండు పాత తట్టలనో, పలకలనో గోడకు చేరవేస్తే తరుముకు వచ్చే పెట్ట చూపు నుండి తప్పించుకొనడానికి చిన్న పెట్టకు చాటు దొరుకుతుంది. ఈ చాటు చాలా ఇళ్లలో కనిపించదు, కానీ అన్నిటికన్నా తక్కువ శ్రమతో అమరేది అదే. గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, గడ్డి పరచిన తట్టనో, పగిలిన కుండనో చీకటి మూలలో ఉంచాలి.

గూటిలో రాత్రంతా బల్బు వెలిగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. పిల్లలకు వెచ్చదనం కావలసిన మొదటి వారాలలో తప్ప ఇది పనికిరాదు. ఎక్కువ వెలుతురు పోరును పెంచుతుంది.

కారం వ్రాస్తే కోళ్లు ఆగవు

దెబ్బతిన్న కోడికి గాయంపై కారప్పొడి చల్లితే, తోటి కోళ్లు నోరు మండి దూరంగా పోతాయని కొందరి నమ్మకం. మిరప పండే సీమలో ఈ ఆలోచన రావడం సహజమే గాని, దాని వలన ప్రయోజనం లేదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం మన నాడులలో మంటను తెలిపే ఒక గ్రాహకాన్ని తాకినప్పుడు కారం తెలుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని కనుగొన్నది. కోళ్లలోని అదే గ్రాహకం వేడికి స్పందిస్తుంది గాని, క్యాప్సైసిన్‌కు స్పందించదని 2002లో జూలియస్, మరొక శాస్త్రవేత్త కలసి ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఈ గ్రాహకంపై చేసిన కృషికి జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. కల్లంలో గుంటూరు మిరప గింజలను కోళ్లు కన్ను ఆర్పకుండా తినగలగడం ఇందువలననే. చిలుకలు పండుమిరపకాయలను ఇష్టంగా తినడం అందరూ చూచినదే. గాయంపై చల్లిన కారం తోటి కోళ్లను ఆపలేదు, పైగా గాయాన్ని మురికి చేసి, ఎర్రని రంగుతో వాటి చూపును మరింత ఆకర్షిస్తుంది.

గాయపడిన కోడిని వెంటనే వేరు చేయడమే మొదటి చికిత్స. మరిగించి చల్లార్చిన ఉప్పునీటితో గాయాన్ని కడిగి, వేపనూనెలో పసుపు కలిపి వ్రాయాలి. వేపనూనె చేదు వలన తోటి కోళ్లు కొంత వెనుకాడుతాయి, ఈగలు కూడా తగ్గుతాయి. చర్మం పూర్తిగా మూతపడేవరకు దానిని గుంపులో కలుపరాదు. వానాకాలంలో గాయంలో పురుగులు పడినట్లు కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక పశువైద్యునికి చూపించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జుట్టుమీద, కళ్ల చుట్టూ నల్లని పొక్కులు కట్టి ఉంటే అవి పోట్ల గాయాలు కాక కోడి మశూచి కావచ్చు. మెడ వంకర పోవడం, పచ్చని విరేచనాలు, రెక్కలు వ్రేలాడదీయడం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. జబ్బుపడి నీరసించిన కోడిని గుంపు ముందుగా గుర్తించి పొడుస్తుంది. కనుక ఒక కోడి ఉన్నట్టుండి అందరి పోట్లకూ గురి అవుతున్నదంటే, దాని ఆరోగ్యాన్ని పరీక్షించిన తరువాతనే పోరు సంగతి ఆలోచించవలెను.

క్రొత్త కోళ్లు చేరినప్పుడు

పోరు అతి తీవ్రంగా మొదలయ్యే సందర్భం క్రొత్త కోళ్ల రాక. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో గల కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కొరకు వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. పెంపుడు దశ దాటిన ఇటువంటి పిల్లలను ప్రభుత్వ పథకాల ద్వారా గ్రామీణ కుటుంబాలకు అందజేసిన సందర్భాలు అనేకం. సంతలో కొనేవారూ ఉన్నారు. తెచ్చిన పిల్లలను అదే సాయంత్రం నాటుకోళ్ల గూటిలోనికి వదిలితే, తెల్లవారేసరికి కొన్ని నెత్తురోడుతూ కనిపించడం సాధారణం. లబ్ధిదారులు అప్పుడు ఆ రకమే మంచిది కాదని నిర్ణయించుకుంటారు. దోషం రకంలో లేదు. నాటుకోళ్ల దృష్టిలో అవి వరుసలో స్థానం లేని పరాయివి.

క్రొత్త కోళ్లను మొదటి రెండు వారాలు పాత కోళ్లకు దూరంగా, వేరే నీరు, వేరే మేతతో ఉంచాలి. ఇది పోరు కొరకు కాదు, రోగం కొరకు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ వలన కోళ్లు మరణించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ గడువు తీరిన తరువాత మరొక వారం క్రొత్తవాటిని పెరటిలోనే గంప క్రింద, లేదా వలకు ఆవల ఉంచాలి. పాతవి వాటిని చూడగలగాలి గాని అందుకొనలేకపోవాలి. అటుపిమ్మట పాత కోళ్లు గూడు చేరిన తరువాత, చీకటిలో క్రొత్తవాటిని వాటి ప్రక్కన కూర్చోబెట్టాలి. మరునాటి ఉదయం ఆవరణలో మేతను మామూలు చోట కాక అక్కడక్కడ చల్లితే అన్నీ వెదకులాటలో పడతాయి. ఆ రోజు ఇంట ఎవరైనా ఒకరు ఉండి గమనించడం అవసరం. ఒంటరి కోడిని ఎన్నడూ చేర్చరాదు. కనీసం రెండు, మూడు కలిపి చేరిస్తే పోట్లు ఒకదానిమీదనే పడవు. పిల్లలను పెద్ద కోళ్లతో సమానమైన పరిమాణం వచ్చేవరకు వేరుగానే పెంచాలి. తల్లికోడి వెంట తిరిగే పిల్లల సంగతి వేరు, వాటికి తల్లి రక్షణ ఉన్నది.

అన్ని ఏర్పాట్లూ చేసినా ఒక పెట్ట పోరు మానకపోతే, దెబ్బలు తినే దానిని కాక, పొడిచే దానిని వేరు చేయాలి. దానిని మూడు నుండి అయిదు రోజులు మిగిలిన కోళ్లకు కనిపించని చోట గంప క్రింద ఉంచాలి. మేతకు, నీటికి లోపం చేయరాదు, అది శిక్ష కాదు. దాని పరోక్షంలో మిగిలిన కోళ్లు తమ వరుసను తిరిగి ఏర్పరచుకుంటాయి. తిరిగి వచ్చిన పెట్ట అప్పుడు క్రొత్తగా వచ్చినదానితో సమానం.

మేతలో లోపం

ఈకలు పీకి తినే కోళ్లలో మాంసకృత్తుల లోపం తరచుగా కనిపిస్తుంది. ఈకల నిర్మాణానికి గంధకం గల మిథియోనిన్ వంటి ఆమ్లాలు అవసరం. తవుడు, నూకలు, మొక్కజొన్న మాత్రమే తినే కోడికి, ముఖ్యంగా బయట తిరిగి పురుగులను ఏరుకొనే అవకాశం లేని రోజులలో, ఇవి చాలవు. నువ్వుల చెక్కలో మిథియోనిన్ సమృద్ధిగా ఉన్నది. సముద్రతీర గ్రామాల నుండి వచ్చే ఎండుచేపల పొడి కూడా మంచిదే గాని, అందులోని ఉప్పును దృష్టిలో ఉంచుకొని కొద్దిగానే కలపాలి. వేరుశనగ చెక్కను బూజు పట్టనిది చూచి వాడాలి. ఇంట గేదెల కొరకు ఉన్న ప్రత్తి చెక్కను కోళ్లకు పెట్టరాదు. దానిలోని గాసిపాల్ అనే విషపదార్థం వలన నిలువ ఉంచిన గుడ్ల పచ్చసొన రంగు చెడుతుంది.

ముక్కు కొనను కత్తిరించడం వాణిజ్య ఫారాలలో ఉన్న పద్ధతి. పెరటి కోడి తన ముక్కుతోనే పురుగును, గింజను ఏరుకొని బ్రతుకుతుంది. దాని ముక్కు కత్తిరించడం రైతు చేతి నుండి కొడవలిని లాగుకొనడం వంటిది.

పుంజుల విషయం

ఎనిమిది లేదా పది పెట్టలకు ఒక పుంజు చాలును. అంతకు మించితే పుంజులు తమలో తాము పోట్లాడుకొనడమే గాక, పెట్టలను తరిమి తరిమి తొక్కి వీపులు గాయపరుస్తాయి. మిగులు పుంజులను ఎదిగిన వెంటనే అమ్ముకొనడం లాభదాయకం. సంక్రాంతికి మంచి ధర వస్తుందని అయిదారు పుంజులను కలిపి ఉంచేవారు వాటిని మొదటి నుండి విడివిడిగా పెంచవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రసిద్ధి తెచ్చిన అసీల్ జాతిలో పుంజులే కాక పెట్టలు కూడా పోరుకు వెనుదీయవు. వాటిని వనరాజ, గ్రామప్రియ కోళ్లతో ఒకే గూటిలో ఉంచరాదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి కోడిపందెం నాంది అయినదని ఈ ప్రాంతపు వీరగాథ చెబుతున్నది. ఆ కథ ఎలాగున్నప్పటికీ, పందెం కొరకు కోళ్లను పోరాడించడం 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం క్రింద నేరమని గుర్తుంచుకొనవలెను.

గాయాలు మానకపోయినా, రెండు మూడు కోళ్లు ఒకేసారి నీరసించినా, కారణం తెలియని మరణాలు సంభవించినా సమీపంలోని పశువైద్యశాలను గాని, ఉచిత ఫోన్ నంబరు 1962 ద్వారా సంచార పశువైద్య సేవను గాని సంప్రదించవలసినదిగా పెంపకందారులకు సూచించడమైనది. చనిపోయిన కోళ్లను మురుగు కాలువలలో పారవేయక, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చవలెను.